మీసం కొస

ఆఫీసులో ఆమెను అందరూ పురుగులక్క అంటారు. మ్యూజియంలో సూదులకు గుచ్చి దాచిన పురుగులకు ఫొటోలు తీయడం ఆమె ఉద్యోగం. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకు కాస్త నవ్వండి అని చెప్పే వీలైనా ఉంటుంది. ఈవిడ గిరాకీలు నవ్వవు, బాగా వచ్చిందని ఒక్క మాటా అనవు. ఇన్నేళ్లకు ఆమెకు మిగిలింది మెడనొప్పి, కళ్లమంట, ఇంటికెళ్లాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం.

ఆ రోజు వాళ్లన్నయ్య వచ్చి ఆమె పక్కన కుర్చీ వేసుకున్నాడు. కుర్రతనంలో ఒక పొడుగు మీసాల పెంకుపురుగును పట్టి మ్యూజియానికి ఇచ్చింది ఆయనే. ఇప్పుడాయన చూపు నానాటికీ మసకబారుతోంది. ఉన్న చూపు పోకముందే దాన్ని పెద్ద తెర మీద ఒక్కసారి చూడాలని ఆయన కోరిక. పురుగు మాత్రం పొద్దున్నే వేరే ఊరి ప్రదర్శనకు వ్యాన్ ఎక్కి వెళ్లిపోయింది. నిన్న తీసిన ఫొటోలే దిక్కు.

అంత దగ్గరగా తీస్తే పురుగు మొత్తం ఒకే ఫొటోలో తేటగా రాదు. తల తేటగా వస్తే మీసం కొస మసక. అందుకే లెన్సు రింగు కొంచెం కొంచెం తిప్పుతూ వరసగా తీసి, ఒక్కోదాంట్లో తేటగా ఉన్న ముక్కలను కంప్యూటర్ చేత కలిపించాలి. ఆ లెన్సుకు ఒక పాడుబుద్ధి ఉంది. దూరానికి తిప్పేకొద్దీ పురుగును చిన్నది చేస్తుంది. సైజులు సరిచేయకుండా కలిపితే ఒక్కో కాలు రెండు కాళ్లై కూర్చుంటుంది.

సరిచేయించింది. మిగతావన్నీ మొదటి ఫొటో కొలతకు పెరిగాయి. పెరిగి, అంచులు బయటికి పోయాయి. వాటితోపాటే కుడి మీసం కొసా పోయింది. చుట్టూ ఖాళీ వదలండ్రా బాబూ అని కొత్తవాళ్లకు చెప్పేది తనే. అన్నయ్యకు పెద్దగా కనబడాలన్న ఆత్రంలో ఫ్రేము నిండా పట్టేసింది.

“కుడి మీసం కొస వంగి ఉండాలే. పట్టేటప్పుడు నా వేలు తగిలి వంగింది. ఉందా?” అన్నాడాయన.

ఉందంటే సరిపోయేది. ఆయనకు తెలిసే దారి లేదు. ఆమెకు ఒళ్లు హూనమై ఉంది, ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

“లేదన్నయ్యా, ఫొటోలో కోసేశాను. కాసేపాగు.”

విసుగ్గా ఫొటోలు ఒక్కొక్కటే తిరగేసింది. చిట్టచివరి దాంట్లో తల, కాళ్లు అన్నీ అలుక్కుపోయి, ఆ కొస ఒక్కటే తేటగా ఉంది. అప్పుడు తట్టింది. వరస తిప్పి చివరిదాన్ని మొదట పెట్టింది. ఇక తక్కినవే దాని కొలతకు తగ్గాలి. తగ్గాక చుట్టూ మిగిలిన ఖాళీలోకి అంచులు గీతలు గీతలుగా సాగాయి. సాగితే సాగనీ అనుకుంది. మీసం వంకరతో సహా పూర్తిగా వచ్చింది. ఎన్నాళ్లకో ఆమెకు తన పని ముద్దొచ్చింది.

“వచ్చింది, చూడు.”

అన్నయ్య ముక్కు తెరకు తగిలేంతగా వంగాడు. వేలు మెల్లగా జరిపి ఒకచోట ఆపాడు.

“ఇదిగో, ఇక్కడే నా వేలు తగిలింది. ఇదే కదూ?”

ఆయన వేలి కింద ఉన్నది అంచున సాగిన గీత. మీసం కొస అక్కడికి జానెడు దూరంలో ఉంది.

“అదే అన్నయ్యా,” అంది.