మాత్ర మానేసిన మా అన్న

మా పెద్దమ్మ కొడుకు, నేను సొంత అన్నగానే ఎరిగిన మనిషి, పోయిన ఆదివారం ఉదయం చనిపోయాడు. ఫోనులో పెద్దమ్మ ఏడవలేదు. "మీ అన్న ఇంక దగ్గడమ్మా" అంది. అతనికి ముప్పై నిండలేదు. జబ్బు పేరుతో మాత్రమే అతన్ని తలుచుకోకూడదని ఇది రాస్తున్నాను.

తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యల గుంటల మీద పని చేసేవాడు. మా అత్తగారింటికొస్తే, నా కూతురికి చేపముళ్ళు తీసి ముద్దలు పెట్టేది తనే. కారం ఎంతుందో ముందు తను రుచి చూసేవాడు.

రొయ్యలు పట్టిన ప్రతిసారీ కుర్రాళ్ళంతా కలిసి తాగేవాళ్ళు. అలాంటి ఒక సాయంత్రం వ్యాన్‌లో హైవే మీదికి వెళ్ళారు. రక్తపరీక్షలో హెచ్‌ఐవీ బయటపడ్డాక నాతో అన్నాడు: "ఏ ఆడమనిషి దగ్గరికి పోయినామో కూడా గుర్తులేదు పాపా. జాగ్రత్త పడాలని తెలుసు. ఆ పొద్దు ఒంటిమీద తెలివి లేదు."

అప్పటికే అన్నకు మనుబోలు సంబంధం ఖాయమైంది. ఎవరికీ చెప్పొద్దని పెద్దమ్మ బతిమాలింది. అన్న వినలేదు. బస్సెక్కి వెళ్ళి, పిల్ల తండ్రికి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "నా బిడ్డను కాపాడినావు నాయనా" అని ఆయన చేతులు జోడించాడట.

కానీ కబురు ఊళ్ళో పాకింది. గుంటల మీద పనికి పిలవడం మానేశారు. అన్న మరింత తాగాడు. నా కూతురికి ముద్దలు పెట్టడం మానేశాడు. "దీంతో రాదని డాక్టరమ్మ చెప్పింది గదా అన్నా" అంటే, "నీకు తెలుసు పాపా. మీ అత్తకు తెలుసా?" అన్నాడు.

రోజూ మాత్రలు వేసుకుంటే చాలా ఏళ్ళు బతకొచ్చని ఆసుపత్రిలో చెప్పారు. తాగిన రోజు వేసుకుంటే ప్రాణానికి ముప్పని తోటివాడెవడో చెప్పాడు. అన్న అదే నమ్మాడు. "తాగుడు మానలేకపోయినా మాత్ర మాత్రం మానొద్దు" అని కౌన్సిలర్ ఎంత చెప్పినా తలకెక్కలేదు. తాగని రోజంటూ లేకుండా పోయింది. చివరికి టీబీ వచ్చింది.

ఆఖరిసారి చూడబోయినప్పుడు అడిగాడు.

"నేను చెడ్డోణ్ణా పాపా?"

"కాదన్నా."

"మరెందుకిట్టా చేసుకున్నాను?"



సమాధిలో మట్టి వేసింది అతని తోటి కుర్రాళ్ళే. ప్రార్థన ముగిశాక వాళ్ళు పక్కనే కాలవ గట్టు మీద కూర్చుని, "అన్న కోసం" అంటూ సీసా మూత తీశారు. వచ్చే నెలలో పెళ్ళి పెట్టుకున్న కుర్రాడు ప్లాస్టిక్ గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో తాగేసి, మట్టి చేత్తో మూతి తుడుచుకున్నాడు.