నేను కలుపు తీసిన చేప చేను

ఫోన్లో సముద్రపు చేపల వీడియోలు చూసి చూసి, ఒక్కసారైనా వాటిని ఎదురుగా చూడాలనిపించింది. మిరప నారు నాటేశాం, నాలుగు రోజులు తీరిక దొరికింది. మంగళగిరిలో చీరల కొట్టు నడిపే మస్తాన్‌వలి గారు, కొట్టు వెనక గదిలో ఉప్పునీటి తొట్టె పెట్టి పగడపు దిబ్బల చేపలు పెంచుతున్నారని మా బావమరిది చెప్పాడు. ఫోన్ చేస్తే రమ్మన్నారు. పొద్దున ఆరింటికి దర్శిలో బస్సెక్కి, గుంటూరులో మారి, పదకొండింటికల్లా చేరాను. రానుపోను ఐదొందలు పెట్టుకుంటే చాలు.

తొట్టె ముందు కుర్చీ వేసి, "చూస్తూ ఉండండి, బేరం వచ్చింది, ఇప్పుడే వస్తా" అని ఆయన ముందు గదిలోకి వెళ్ళారు. లోపల ఒక రాయి, దాని నిండా పచ్చటి నాచు, చుట్టూ తిరుగుతూ బొటనవేలంత నల్ల చేప. కలుపు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. మూత తీసి, చొక్కా చెయ్యి మడిచి, నాచంతా గిల్లి పారేశాను. చేప వేలు కొరికింది. "ఏరా, నీ ఇల్లు శుభ్రం చేస్తుంటే నన్నే కొరుకుతావా?" అని నవ్వాను కూడా. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మస్తాన్‌వలి గారు వచ్చి రాయి వంక చూశారు. "అయ్యో, పీకేశారా?"

"కలుపేగా అండీ!"

"అది దాని చేనండి. తనకు కావలసిన నాచు ఉంచుకుని, పనికిరానిది నోటితో పీకి అవతల పారేస్తుంది. వేరే చేప వస్తే తరిమేస్తుంది. దాని తిండే అది. అలా పెరగడానికి ఆర్నెల్లు పట్టింది. రేపు బడి పిల్లలు వస్తారు, చూపిద్దామనుకున్నా."

ఆయన కోప్పడకుండా టీ తెప్పించారు, అదింకా కష్టమనిపించింది. చేప మాత్రం ఆ బోడి రాయి దగ్గరే ఉండి, అటుగా వచ్చిన పెద్ద చేపను తరుముతోంది.

కిందటేడు మా చేలో నాగమ్మ అనే కూలీ కలుపనుకుని నాలుగు మిరప మొక్కలు పీకింది. "కళ్ళు పోయాయా" అని అందరి ముందూ అరిచి చేలోంచి పంపేశాను. ఆమె పీకింది నాలుగు మొక్కలు, నేను పీకింది మొత్తం చేను. మంగళగిరి నుంచి తిరిగొచ్చి, దర్శిలో దిగి నేరుగా ఆమె ఇంటికి వెళ్ళాను. "ఏందయ్యా, కలుపుకు రావాలా?" అంది. "వచ్చే వారం నుంచి రా" అన్నాను. తప్పు నాదన్న మాట గొంతు దాటలేదు. అదే ఇక్కడ రాస్తున్నాను, నాగమ్మకు చదవడం రాదని తెలిసి కూడా.

ఇలాంటి తొట్టెలు చూడటానికి వెళ్ళేవాళ్ళు ముందుగా ఫోన్ చేసి వెళ్ళండి. అక్కడున్నంతసేపూ చేతులు వెనక్కి కట్టుకోండి.