పక్క నుంచి తీయని ఫోటో

మా బాబాయి పాస్‌పోర్టు ఫోటోల మనిషి. ముప్పై ఎనిమిదేళ్లుగా ఇంట్లోనే అదే గది, అదే స్టూలు, కెమెరా స్టాండు కాళ్ల కోసం నేల మీద పెయింటుతో పెట్టిన అవే మూడు చుక్కలు. స్టాండు వెంట్రుకవాసి జరిగినా ఇల్లు పీకి పందిరేసేవాడు. "గడ్డం కిందికి, చెవులు రెండూ కనపడాలి, కదలొద్దు." పిన్నితో ఆయన మొట్టమొదట ఆడిన మాట కూడా ఇదే అయ్యుంటుందని మేం ఏడిపించేవాళ్లం.

ఏటా పెళ్లిరోజున పిన్నిని ఆ స్టూలు మీద కూర్చోబెట్టి ఒక ఫోటో తీసేవాడు. ఆమెకు కుదురు తక్కువ. సరిగ్గా నొక్కే సమయానికి వంటింటి వైపు తిరిగేది.

"ఏమండీ, పొయ్యి కట్టేశానంటారా?"

"ముందు ఇటు చూడవే తల్లీ."

తల తిరిగిన ఫోటోలు చెత్తబుట్టలోకి పోయేవి. చివరికి ఆమెకూ అలవాటైపోయింది. ఎవరు ఫోటో కోసం ఫోను ఎత్తినా ఎదురుగా తిరిగి బిగుసుకునేది.

పిన్ని పోయిన ఏడాదికి బాబాయి ఆ ఫోటోలన్నీ ఒక పెట్టెలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఫోటోల నుంచి నిండు ఆకారం కట్టడం నా ఉద్యోగం. ఒకే వస్తువును నాలుగు వైపుల నుంచీ తీసి ఇస్తే, వాటిని పోల్చి ఏది ఎంత ముందుకుందో, ఎంత లోపలికుందో కంప్యూటరు లెక్కగడుతుంది.

"మీ పిన్ని మొహం బొమ్మలా చేసివ్వవే. ఒక్కసారి చేత్తో తడమాలని ఉంది."

ముప్పై ఎనిమిది ఫోటోలు. ఒకదాని మీద ఒకటి పెడితే కళ్ల మీద కళ్లు, ముక్కు మీద ముక్కు. జుట్టు నెరవడం తప్ప తేడా లేదు.

"బాబాయ్, ఇవన్నీ కలిపినా ఒక్క ఫోటో కిందే లెక్క. పక్క నుంచి తీసింది ఒక్కటన్నా లేదా?"

"అవి పాడైనవి కదే. పారేశాను."

కనపడని వైపును కంప్యూటరు ఊహించి కడుతుంది, నలుగురి మొహాలూ చూసిన అలవాటు కొద్దీ. అలాగే కట్టి తెర మీద చూపించాను. ఎదురుగా పిన్నే. పక్కకు తిప్పితే ఎవరో పరాయి మనిషి. బాబాయి మీద కోపం వచ్చింది. ఆ వెంటనే నా మీద నాకే వచ్చింది, ఎందుకంటే సరైన ముక్కు ఎలా ఉండేదో నాకూ గుర్తు లేదు.

"నువ్వు చెప్పు బాబాయ్, సరిచేస్తాను. ముక్కు మధ్యలో కాస్త ఎత్తుగా ఉండేదా?"

కళ్లు మూసుకున్నాడు.

"రోజూ నా పక్కనే కూర్చుని అన్నం తినేదే," అన్నాడు చివరికి. "నేనే తల తిప్పి చూడలేదు."