వంగే పళ్ళు

మా పశువుల కొట్టం ముందు మెకానిక్ యూసుఫ్ మా బేలర్ ముందరి రేకులు విప్పగానే లోపల ఇరుక్కుపోయిన పాత గడ్డి వాసన గుప్పుమంది. ఎండిన వరిగడ్డి, కాస్త మన్ను, కాస్త గ్రీజు. ఖాజాగూడ గుట్టల వెనక, అద్దాల మేడల నీడ పడే ఈ వాకిట్లో నిలబడి ఉన్నదాన్ని, ఆ వాసనతో చిన్నప్పటి మా చెరువు కింది పొలంలోకి వెళ్ళిపోయాను.

కోత మిషన్ వదిలిపోయిన గడ్డిని ఏరుకుని, కుక్కి, కట్టలు కట్టే యంత్రమే బేలర్. మా కోడలు సుజాత పోయిన నెలలో పాతది కొన్నది. పాతదే కొనమన్నది నేనే. ఇనుముకు వయసేమిటి, తుప్పు చూసుకుంటే చాలు. కానీ నేల మీది గడ్డిని దువ్వి పైకెత్తే పళ్ళ దగ్గరే తేడా వచ్చింది. అసలు ఉండాల్సినవి చుట్టలు తిరిగిన స్ప్రింగు పళ్ళు. అవి విరిగిన చోటల్లా, అమ్మినవాడు ఇనుప చువ్వలు వెల్డింగ్ చేయించి పెట్టాడు. చువ్వలు రాళ్ళకు తగిలి తగిలి, అవి కూర్చున్న కమ్మీనే వంచేశాయి. సగం గడ్డి ఎక్కుతోంది, సగం పొలంలోనే మిగులుతోంది.

మా బర్రెల పాలు మణికొండ, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లకు పోతాయి. వాటి ఏడాది మేత అంతా శంకర్‌పల్లి వైపు కౌలు పొలంలో వరుసలుగా పడి ఉంది, పైన మబ్బు పట్టింది. తడిసి నల్లబడిన గడ్డిని బర్రె ముట్టదు. మేత కొని పెడితే పాలలో మిగిలేదేమీ ఉండదు, కొట్టం ఖాళీ చేసుకోవడమే.

"అత్తమ్మా, గీ చువ్వలనే సక్కగ చేసి మల్ల వెల్డింగ్ కొట్టిపిద్దమా? సగం ఖర్చుల అయిపోతదట," అంది సుజాత. నా సంగతి తెలిసినది కనుక నాకు నచ్చే మాటే ముందు తెచ్చింది.

"స్ప్రింగు పండ్లు ఏస్తెనే పక్కాగ ఉంటది, అమ్మా. గని పైసలు జర గట్టిగనే అయితయి. ఇగ మీ మర్జీ," అన్నాడు యూసుఫ్.

నా కళ్ళ ముందు గడ్డి దువ్వే మా నాయిన ఇనుప పళ్ళకర్ర ఆడుతోంది.

కోతలు అయ్యాక, చలి ముదిరే రోజుల్లో, మా పొలమంతా గడ్డి పరుపులా ఆరుతూ ఉండేది. పొద్దున మంచుకు మెత్తగా, మధ్యాహ్నానికి పెళపెళలాడుతూ, పిక్కల మీద తెల్లని గీతలు గీసే ఆ గడ్డిలో మేం దాగుడుమూతలాడి, దురదకు గోకుకుంటూ గట్టు మీద జొన్నరొట్టె పచ్చిపులుసులో ముంచుకుని తినేవాళ్ళం. గడ్డి పనులున్నన్నాళ్ళు బడికి పంపే అలవాటు మా ఇంట్లో లేదు, అట్లా ఏటా నాగాలు పడి నా చదువు ఆగింది. గడ్డి వామి పెట్టడం అయితేనే చర్చిలో కోత పండుగ. అందరూ తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్ళు, కొత్త బియ్యం ప్రార్థన తర్వాత వాకిట్లో వేలం వేస్తుంటే, కొత్త బెల్లపు పరమాన్నం వాసనకు మాకు ఆమెన్ దాకా ఓపిక ఉండేది కాదు.

గడ్డిని దగ్గరికి చేర్చేది అమ్మే. పొడవాటి కర్ర చివర వెదురు బద్దలను చేతివేళ్ళలా వంచి కట్టిన పళ్ళకర్రతో, పిల్ల తల దువ్వినట్టు, పైపైన దువ్వేది. ఏటా రెండు మూడు బద్దలు విరిగేవి. అది నాయినకు గిట్టలేదు. వంగిన మేకులను రాతి మీద కొట్టి చక్కచేసి డబ్బాలో దాచే మనిషి ఆయన, ఆ గుణమే నాకూ వచ్చింది. ఒక ఏడాది బండి చక్రం పాత పట్టా తీసుకుపోయి, కమ్మరితో ఇనుప పళ్ళు కొట్టించుకొచ్చాడు.

"ఇగ ఇది నీ మనవరాండ్ల దాకా ఉంటది," అన్నాడు.

"గడ్డి గీకుతవా, గుట్ట తవ్వుతవా?" అంది అమ్మ.

మాది గుట్ట కింది నేల, రాళ్ళకు కొదవ లేదు. ఇనుప పళ్ళు గడ్డితో పాటు గులకరాళ్ళు, మట్టిగడ్డలు పెళ్ళగించుకొచ్చాయి. సరిగ్గా వాన మబ్బు కమ్మిన మధ్యాహ్నం, ఒక పన్ను రాతిలో ఇరుక్కుంటే నాయిన పంతంగా లాగాడు. పన్ను ఊడలేదు, కర్రే నిలువునా చీలింది. అమ్మ తన వెదురుది ఆయన చేతిలో పెట్టి, తాను ఉత్త చేతులతో వంగింది.

"రాయి తగిల్తె పన్ను వంగి దాటాలె. మొండిగ నిలవడితె ఇంకోదాన్ని ఇరగ్గొడ్తది. దువ్వు, తొందరగ!"

ఆ ఏడాది వామి సగమే లేచింది. తడిసిన సగాన్ని మా బర్రె వాసన చూసి మూతి తిప్పుకుంది. మరుసటి ఏడు వెదురు కోసుకొచ్చింది నాయినే.

"స్ప్రింగులే తే, యూసుఫూ. అన్నీ కొత్తవే," అన్నాను.

సుజాత నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జరమేం లేదు, అత్తమ్మా! నిజంగనే అంటున్నవా?"

"చాలు నీ పరాచికాలు. పోయి చాయ్ పెట్టు."

యూసుఫ్ కమ్మీని నిప్పు మీద కాల్చి చక్కచేశాడు, అరిగిన బేరింగ్ మార్చాడు, కొత్త పళ్ళు వరుసగా బిగించాడు. ఒక్కో పన్నూ రేకుల సందున తగలకుండా వస్తోందా అని ఇంజను నడపకుండా చేత్తోనే తిప్పించి చూశాను. పొలంలో సుజాత ఆశ కొద్దీ పళ్ళను నేలకు ఆనించబోతే, రెండు వేళ్ళు పైకి లేపించాను. కింద నాలుగు పోచలు మిగిలితే భూమి తింటుంది.

మొదటి చుట్టులోనే రాయి తగిలింది. టంగుమంది. పన్ను వెనక్కి వంగి, రాయిని దాటి, మళ్ళీ లేచి గడ్డిని అందుకుంది. సుజాత ట్రాక్టర్ మీది నుంచి నా వైపు చూసి నవ్వింది. పొద్దుగూకేసరికి ఆఖరి కట్ట బండెక్కింది, ఆ తర్వాత వాన ఎంత కురవాలో అంత కురిసింది.

ఇప్పుడు మా చెరువు కింది పొలం లేదు, అక్కడ కార్లు నిలుపుతున్నారు. గడ్డి దువ్వే ఆడవాళ్ళు లేరు, వెదురు బద్ద వంచడం తెలిసిన చెయ్యి ఈ ఊళ్ళో ఒక్కటీ లేదు. తీసేసిన ఇనుప చువ్వలను మాత్రం పాత సామాన్లవాడికి వేయనివ్వలేదు. దూడలను కట్టేసే గూటాలుగా పాతించాను. కదలకుండా నిలబడడమే అక్కడ వాటి పని, బాగానే చేస్తున్నాయి.