తూము లేని వంటగది

జర్మనీ వెళ్లిన మొదటి వారం, శుక్రవారం పొద్దున్నే, అలవాటు కొద్దీ హాస్టల్ వంటగది కడుగుదామని నేల మీద బకెట్ నీళ్లు కుమ్మరించాను. చీపురు పట్టుకుని నాలుగు మూలలా వెతికాను. తూము లేదు! ఇన్ని యంత్రాలు చేసే దేశానికి గోడకో తూము పెట్టడం చేతకాలేదా అని ఒళ్లు మండింది. కొవ్వూరులో అమ్మ పోసిన నీళ్లు తూములోంచి పెరట్లో అరటిచెట్లకీ, అక్కణ్ణుంచి కాలవకీ వాటంతటవే పోయేవి. ఇక్కడివి మాత్రం నాట్లకు సిద్ధమైన మడిలా కదలకుండా నిలబడి, కిటికీలోని ఆకాశాన్ని పట్టుకున్నాయి. తుడవాలనిపించలేదు. పక్కగది జర్మన్ అమ్మాయి వచ్చి చూసి, మేజోళ్లు విప్పి, తన తువ్వాలు తెచ్చి పరిచింది.

ఆదివారం ఫోన్‌లో అమ్మ అడిగింది. "ఏమ్మా, అక్కడ నీళ్లు బాగా వస్తున్నాయా?"

"వస్తున్నాయమ్మా. పోవడమే తెలీట్లేదు."