అమ్మ దిగని నీళ్లు

మా అమ్మకు రక్షణ దొరికిందా, పరలోకం చేరిందా లేదా అని నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనే అడుగుతున్నాను. నోటితో అడగబోతే ఏడుపు వస్తుంది, అందుకే రాస్తున్నాను. రాయడం ఇదే మొదటిసారి. ఐదో తరగతి అయ్యాక నేను పెన్ను పట్టింది జాకెట్ల కొలతలు రాసుకోవడానికే. తప్పులుంటే సరిచేసుకుని చదవండి.

మాది బాన్సువాడ. మా నాన్నను బాపు అంటాం, రైస్‌మిల్లులో హమాలీ. అమ్మ నాట్లకు, కలుపుకు కైకిలి, అంటే కూలికి, పోయేది. మా ఇంట్లో ముందుగా ప్రార్థన మందిరం గడప తొక్కింది అమ్మే. నాకు ఒక కాన్పు పోయి, మంచం మీంచి లేవకుండా పడి ఉన్న రోజులవి. అమ్మతో నాట్లేసే ఒకామె, "ఒక్కపారి మా ప్రార్థనకు తోల్కరా నీ బిడ్డను" అందట. రేకుల షెడ్డు, కింద చాపలు. అమ్మ నన్ను పట్టుకుని అక్కడ కూర్చోబెట్టింది. కొన్ని వారాలకు నేను లేచి తిరిగాను. అమ్మ మాత్రం ఇక ఆ చాప వదల్లేదు.

అమ్మకు చదువు రాదు. ప్రార్థన మాత్రం మనిషితో మాట్లాడినట్టు చేసేది. "అయ్యా, నీకు తెల్వంది ఏమున్నది? అయినా చెప్త, ఇను" అని మొదలుపెట్టేది. అన్నం ముందు, మడిలోకి దిగే ముందు, బాపు మిల్లు నుంచి రావడం ఆలస్యమైతే గడపలో నిలబడి.

నేను, నా భర్త ఒకే రోజు కాలువలో బాప్తిస్మం తీసుకున్నాం. మా మందిరంలో ఒక పద్ధతి ఉంది. నీళ్లలోకి దిగే ఆడవాళ్లు బొట్టు చెరుపుకుని, పుస్తెలు, మెట్టెలు తీసేసి దిగాలి. మళ్లీ పెట్టుకోకూడదు. నా భర్త కూడా నాతోనే దిగాడు కాబట్టి నాకు కష్టం కాలేదు. అమ్మకు అక్కడే ఆగిపోయింది. బాపు అప్పట్లో మందిరానికి వచ్చేవాడు కాదు.

ఒకరోజు తింటూ తింటూ బాపు అన్నాడు. "ఏసును మొక్కు, నేను వద్దన్ననా? గని నేను బతికుండంగ పుస్తె తీస్తే గల్లీల నన్ను ఏమంటరు? పోయిండనే అంటరు."

అమ్మ నవ్వింది. "బస్తాలు మోసే మనిషివి, గింత దారానికి భయపడ్తవేంది?"

"దారం కాదే అది. నా పానం."

"సరే తియ్. ముందుగాల నువ్వు పో. నీ ఎన్క నేను నీళ్లల్ల దిగుత. ఫికర్ వెట్టుకోకు."

"నేను గంత జల్ది పోను."

"గట్లయితే నేను గిట్లనే ఉంట."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. నమ్మడం ఒక్కటే చాలదు, నీళ్లలో కూడా దిగాలి, బైబిలు వాక్యంలో రెండూ ఉన్నాయి అని పాస్టరయ్య చెప్తుంటే నా కళ్లు అమ్మ మీదికే పోయేవి. బయటికి వచ్చాక గొణిగితే అమ్మ నా వీపు మీద ఒకటి వేసి, "దేవునికి నా మొగని సంగతి తెల్వదా? ఆగుతడు తియ్" అనేది.

పోయిన వానాకాలం నాట్లప్పుడు అమ్మ మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసింది. ఛాతీ పట్టేసినట్టుంది అని గోడకు ఆనుకుని కూర్చుంది. బాపు, నేను ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. గుండె పరీక్షకు వైర్లు పెట్టాలి, మెడలో ఉన్నవి తీయండి అంది నర్సమ్మ. బాపు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తన చేతులతోనే అమ్మ తల ఎత్తి పుస్తెలతాడు తీశాడు. నిజామాబాద్ తీసుకుపొమ్మన్నారు. బండి వచ్చేలోపే అమ్మ పోయింది.

ఇంటికి తెచ్చాక గల్లీ ఆడవాళ్లు అమ్మకు పసుపు రాసి, ఇంత బొట్టు పెట్టి, పుస్తెలతాడు మళ్లీ మెడలో వేశారు. "ముత్తైదువలెక్క పోయింది, అదృష్టవంతురాలు" అన్నారు. పాస్టరయ్య వచ్చాడు. మందిరం వాళ్ల సమాధుల జాగాలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లనే పెడతారు. "నా చేతుల లేదు బిడ్డా, సంఘం కట్టుబాటు" అని తల దించుకున్నాడు. ఆయన కళ్లలోనూ నీళ్లున్నాయి. అమ్మను మా కులపోళ్ల జాగాలోనే పెట్టాం.

మూడో రోజు మా ఇంట్లో ఆదరణ ప్రార్థన. మా మందిరంలో ఎవరైనా పోతే 'ప్రభువునందు నిద్రించింది' అంటారు. పాస్టరయ్య ఆ రోజు అమ్మ గురించి 'చనిపోయిన ఈ సహోదరి' అన్నాడు. ప్రార్థన అంతా మిగిలిన మా కోసమే. ఇంకెవరైనా గమనించారో లేదో. నేను మాత్రం ఆ ప్రార్థనకు ఆమెన్ అనలేకపోయాను.

ప్రార్థన అయ్యాక పిట్లం నుంచి వచ్చిన మా చిన్నమ్మ, "ఇంతగనం నమ్మిన మనిషి ఎందుకు దిగలేదే?" అని నన్ను అడిగింది. చెప్పాను. ఆమె నోటి మీద చెయ్యి వేసుకుంది. "పుస్తెలకేనా? మా పిట్లం మందిరంల పుస్తెలతోటే దింపుతరు గదనే!"

బాపు బయట అరుగు మీద ఉన్నాడు. విన్నాడు. లోపలికి వచ్చి పాస్టరయ్య ముందు నిలబడ్డాడు.

"అయ్యా, ఆమె బదలు నన్ను ముంచు."

నాట్లలో బదలు ఉంటుంది. గుంపులో ఒకామెకు జ్వరమొస్తే ఆమె ఇంటి నుంచి ఇంకొకరు పోతారు. ఆ పని ఆమె పేరు మీదే పడుతుంది. బాపు అదే అడిగాడు.

"దీనికి బదలు ఉండది పెద్దాయన. ఎవలది వాళ్లదే."

"ఎందుకుండది? ఆమెకు పానం బాగ లేనప్పుడు నేను పోయి నాటేసిన. గుంపు మేస్త్రి ఒప్పుకున్నడు. నీ దేవుడు మేస్త్రి పాటి చెయ్యడా?"

ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే ఆపుకున్నారు. బాపు అటు చూడలేదు. "నర్సమ్మ అడిగితే తీస్తి అయ్యా. దేవుడు అడిగితే తీయనియ్యకపోతి."

పాస్టరయ్య బాపు చెయ్యి పట్టుకున్నాడు. "నీ కోసం నువ్వు దిగుతనంటే ఇయ్యాలనే ముంచుత."

"దిగితే యాడికి పోత?"

"పరలోకానికి."

"ఆమె ఆడ ఉన్నదా?"

ఆ జవాబు కోసం బాపు కంటే నేనే ఎక్కువ ఎదురుచూశాను. పాస్టరయ్య బాపు చెయ్యి వదిలేశాడు. పాస్టరమ్మ, ఎప్పుడూ ఆయనకు ఎదురు చెప్పని మనిషి, వెనక నుంచి మెల్లగా అంది. "సిలువ మీద పక్కపొంటి ఉన్న దొంగను ప్రభువు పరలోకానికి తోల్కపోతనన్నడు. ఆ దొంగ నీళ్లల్ల దిగిండా?"

"వానికి దిగే వీలు లేకుండె" అన్నాడు పాస్టరయ్య.

"ఈమెకు ఉండెనా?"

పాస్టరయ్య చేతిలోని బైబిలు మూసి చాప మీద పెట్టాడు. చివరికి, "నాకు తెల్వదు. నేను తీర్పు తీర్చెటోన్ని కాదు" అన్నాడు.

"నీకే తెల్వకపోతే నేను దిగను" అన్నాడు బాపు. "ఆమె యాడుంటే నాకు ఆడనే."

అప్పటి నుంచి బాపు ప్రతి ఆదివారం మందిరానికి వస్తున్నాడు. పాటలు కూడా పాడతాడు, రాగం కుదరదు. ఏసును నమ్ముతున్నానంటాడు. మొన్న కాలువ దగ్గర బాప్తిస్మాలు జరిగాయి. తడిసి గట్టెక్కిన వాళ్లకు తువ్వాలలు అందిస్తూ నిలబడ్డాడు. పాస్టరయ్య చెయ్యి చాపి పిలిచాడు. బాపు తల అడ్డంగా ఊపాడు.

ఏమని ప్రార్థించాలో నాకు తెలియడం లేదు. బాపు దిగాలని అడిగితే, అమ్మ అక్కడ లేదని నేనే ఒప్పుకున్నట్టు ఉంటుంది. దిగకపోయినా పరవాలేదు అనుకుందామంటే, నేను విన్న వాక్యం నన్ను నిద్రపోనివ్వదు. దేవుడు అమ్మ మాటలన్నీ విన్నాడనే నా మనసు చెప్తుంది. అది నమ్మకమో, నా ఆశో తెలియదు.

ఆ రోజు కాలువ నుంచి తిరిగి వచ్చేటప్పుడు గట్టు మీద ఆగి, "నా కోసమన్న దిగరాదే బాపూ" అని ఏడ్చాను.

బాపు భుజం మీది తువ్వాలతో నా మొఖం తుడిచాడు. "ఏడ్వకు బిడ్డా. నీకు ఆడ నీ మొగడుంటడు. నేను దిగితే మీ అమ్మకు ఎవలుంటరు?"