పెళ్లిచూపులకు బొడిపెల టైర్లు

మనిషి హోదా అతను తోలే బండిని బట్టి, బండి హోదా దాని టైర్లను బట్టి తెలుస్తుందని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. ఎనభైల మొదట్లో అన్నమాట. అప్పట్లో నాకు వయసుంది, మీసముంది, డ్రైవింగ్ లైసెన్సుంది. తెలివి ఒక్కటే ఇంకా రావాల్సి ఉండేది. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర మా ఊళ్లో వ్యవసాయం అన్నయ్య చూసుకునేవాడు కనుక నన్ను వరంగల్లులో మా మేనమామ దగ్గర వదిలారు. మామకు బావుల మోటార్లు అమ్మే, బాగుచేసే దుకాణం ఉండేది. పాత జీపు వెనక భాగం కోయించి, తొట్టి కట్టించిన పికప్పు బండి కూడా ఒకటి ఉండేది. మోటార్లను దాంట్లో వేసుకుని ఊళ్లకు చేర్చడం నా పని. బండి మామదే అయినా, మామ పక్కన లేనప్పుడు అది నాదే అన్నట్టు మోచెయ్యి బయటపెట్టి తోలేవాణ్ణి.

అలాంటి రోజుల్లో ములుగు అవతల, అడవిని ఆనుకుని ఉన్న ఒక ఊరి నుంచి నాకు సంబంధం వచ్చింది. స్టూడియోలో ప్లాస్టిక్ పూలకుండీ పక్కన నిలబడి దిగిన ఆ అమ్మాయి ఫోటో చూడగానే నా పని అయిపోయింది. (నా ఫోటో వాళ్లకు పంపలేదు. ఉన్నది ఒక్కటే, అది లైసెన్సుకు అతికించి ఉంది.) పెళ్లిచూపులకని మామా నేనూ బయలుదేరితే ఊరికి ఇవతల వాగులో బండి దిగబడింది. ఎడ్లను కట్టి బయటికి లాగించుకునేసరికి చీకటి పడింది, ఒంటి నిండా బురద, చేసేది లేక వెనక్కి వచ్చేశాం. రెండ్రోజులకు అమ్మాయి తండ్రి మనిషితో కబురు పంపాడు. ఇంకొక్కసారి ఎదురుచూస్తారట, ఈసారీ రాకపోతే నర్సంపేట సంబంధం ఖాయం చేసుకుంటారట. ఆ కబురు విన్నాక నాకు అన్నం సయించలేదంటే నమ్మండి.

అప్పుడు నేను బాగా ఆలోచించి, తప్పు నాది కాదు, టైర్లది అని తేల్చాను. "టైర్లేం జేసినయిరా అల్లుడా? నడి వాగుల గేరెందుకు మార్చినవు?" అని మామ అడిగాడు కానీ, ప్రేమలో పడ్డవాడికి అలాంటి చిన్న చిన్న విషయాలు వినిపించవు. బతిమాలి, అలిగి, ఒకపూట దుకాణానికి పోకుండా ముసుగుతన్ని పడుకుని, చివరికి ఆయన్ని హన్మకొండలో ఒక పాత టైర్ల దుకాణానికి తీసుకుపోయాను. దుకాణం యజమానిని అందరూ టైర్ల భాయ్ అనేవాళ్లు. ఆయన మా బండి చుట్టూ తిరిగి, రోడ్డుకూ మట్టికీ రెండింటికీ పనికొచ్చే మామూలు జత చూపించాడు. నేను వాటిని బొటనవేలితో నొక్కి, పెదవి విరిచాను. (నొక్కితే ఏం తెలుస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. లారీ డ్రైవర్లు అలా నొక్కడం చూశాను, అంతే.) అప్పుడు నా కళ్లు మూలన ఉన్న టైర్ల మీద పడ్డాయి. వాటికి ఒళ్లంతా నా పిడికిలంత బొడిపెలు. బొడిపెకూ బొడిపెకూ మధ్య పిల్లి పిల్ల పడుకునేంత సందు. వాటిని చూస్తే వాగులే పక్కకు తప్పుకుంటాయనిపించింది.

"గవెందుకు తమ్మీ నీకు?" అన్నాడు టైర్ల భాయ్. "గవి సర్కారు జీపులకెల్లి దిగినయి, వేలంల తెచ్చిన. బురదల మస్తుగ పోతయి, కాదంట లేను. గని డాంబర్ రోడ్డెక్కితె లొల్లి లొల్లి జేస్తయి. జర సోంచాయించు."

"లొల్లి కావాలె భాయ్. మనం వస్తున్నమని తెల్వాలె."

"ఎవలకు తెల్వాలె?"

"అందరికి," అన్నాను ఛాతీ విరుచుకుని.

మామ ఆ టైర్లను చూశాడు, నన్ను చూశాడు. "పిల్లను సూడ పోతానవా, పులిని పట్ట పోతానవా?" అన్నాడు. అయినా కొనిచ్చాడు. పిల్లలు లేని మనిషి, నేనలిగితే తట్టుకోలేకపోయేవాడు. ఆ టైర్లకు తగ్గట్టుండాలని నేను మట్టిరంగు గుడ్డతో సఫారీ సూటు కుట్టించుకున్నాను. ఆ రంగు హుందాగా ఉంటుందని దర్జీ కూడా ఒప్పుకున్నాడు.

ఆ రోజు ములుగు రోడ్డు మీద మా బండి చేసిన మోత ఇంకా నా చెవుల్లోనే ఉంది. కింద ఎవరో పెద్ద తిరగలి తిప్పుతున్నట్టు ఒకటే గుయ్యిమనే చప్పుడు. సైకిళ్లవాళ్లు దిగి నిలబడి చూస్తున్నారు. మామ ఏదో అరుస్తున్నాడు కానీ ఆ మోతలో నాకు వినిపించలేదు, అది కూడా టైర్ల గొప్పతనమే అనుకున్నాను. వాగు దగ్గర మాత్రం, నిజం చెప్పుకోవాలి, బండి ఏనుగులా దిగి ఏనుగులా ఎక్కింది. "చూసినవా మామా?" అని గర్వంగా పక్కకు తిరిగితే ఆయన కడ్డీ పట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు.

గట్టి రోడ్డెక్కగానే మోత మళ్లీ మొదలైంది, ఊరు దగ్గరపడింది. అక్కడ జరిగింది నాకు వెంటనే అర్థం కాలేదు. చేలల్లో వంగి కలుపు తీస్తున్నవాళ్లు తలెత్తి, మా బండి వైపు చూసి, చెట్లలోకి పరుగు తీశారు. అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి ఇళ్ల వెనక్కి పోయారు. ధబధబా తలుపులు పడ్డాయి. తెల్ల ధోవతి, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి మాత్రం దారి పక్కన కొయ్యబారి నిలబడ్డాడు. ఆయన్ను ఇల్లెక్కడో అడుగుదామని మామ దిగి, "ఓ పెద్దమనిషీ!" అన్నాడో లేదో, ఆయన ధోవతి ఎగ్గట్టి అడవిలోకి పరుగు లంకించుకున్నాడు. ఒక్క మాట అడిగి పంపిద్దామని మామ వెంటపడ్డాడు. మామ వేగం పెంచినకొద్దీ ఆయనా పెంచాడు. ఇద్దరూ కనుమరుగయ్యారు. మన టైర్లకు ఇంత గౌరవమా అని నేను మురిసిపోయాను.

గుమ్మానికి పచ్చి మామిడాకులు, వాకిట్లో కొత్త ముగ్గు ఉన్న ఇల్లు చూసి, ఇదే అయ్యుంటుందని ఆపాను. లోపలి నుంచి ఒక అమ్మాయి వచ్చి గడపలో నిలబడింది. పూలకుండీ లేదు కానీ, ఆ అమ్మాయే. ఆమె నా సఫారీని కింది నుంచి పైదాకా చూసింది.

"దండాలు సారూ. మా నాయిన ఇంట్ల లేడు. కట్టె గిట్ట ఏం లేదు మా ఇంట్ల. కావాల్నంటె ఇల్లంత దేవులాడుకోండ్రి. ముందుగాల కూసోండ్రి."

నేను సారును కాదని, పెళ్లికొడుకునని చెప్పడానికి నోరు తెరిచాను. గాలి మాత్రం వచ్చింది, మాట రాలేదు. చూపించిన చోట కూర్చున్నాను. ఎత్తుగా ఉన్న ఒక దిమ్మె మీద మడత నలగని, వరంగల్లు కొత్తవాడ నేత జంపఖానా పరిచి ఉంది. కూర్చున్నాక తెలిసింది, అది దిమ్మె కాదు, చెక్కల దొంతర. అప్పుడే కోసిన టేకు వాసన గుప్పున కొట్టింది. నేను ఇబ్బందిగా కదిలాను.

"ఏంది సారూ, గట్ల కదులుతాండ్రు?" అంది సూటిగా చూస్తూ.

"ఏం లేదమ్మా," అన్నాను. (అవును, అమ్మా అన్నాను. చేసుకోబోయే పిల్లతో నేను మాట్లాడిన మొదటి మాట అది.)

ఆమె లోపలికి వెళ్లి పళ్లెంలో వేడి వేడి గారెలు తెచ్చి నా ముందు పెట్టింది. "ఇయ్యి తిని జల్ది పోతె మీకు పుణ్యముంటది సారూ. ఇయ్యాల నన్ను సూసుకోను వరంగల్లుకెల్లి వస్తాండ్రు. పోయినసారి గూడ గిట్లనే ఎదురుసూపిచ్చి వాగుల దిగవడ్డరు. మళ్ల గాన్నే పడ్డరేమొ ఏమొ. వాగు దాటరానోడు పెండ్లేం జేస్కుంటడో!" అంది. పెళ్లికొడుకు కోసం వండిన గారెలను పెళ్లికొడుకే లంచంగా తింటూ, తన గురించి తానే వింటూ, తలూపుతూ కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పాలి, ఈ గారె అయ్యాక చెప్పాలి అనుకుంటూ పళ్లెం ఖాళీ చేశాను. నా చెయ్యి వణకడం ఆమె చూసింది కూడా.

అంతలో మామా, ఆ పెద్దమనిషీ రొప్పుకుంటూ, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని వచ్చారు. ఇద్దరి బట్టలకూ ముళ్లు. ఇద్దరికీ ఆయాసం వచ్చి ఒకే చెట్టు కింద కూలబడ్డాక గానీ ఎవరెవరో తెలియలేదట. ఆయనే అమ్మాయి తండ్రి. "బిడ్డా, రేంజరు కాదే, పిల్లగాడే!" అన్నాడు. ఆ ఊళ్లో అలా మోత పెట్టే టైర్లు ఒక్క ఫారెస్టు రేంజరు జీపుకే ఉన్నాయట, నా సఫారీ రంగూ రేంజరు బట్టలదేనట. ఆ మోత వినపడితే తలుపులకనో, నాగళ్లకనో అడవి నుంచి దొంగచాటుగా చిన్నదో పెద్దదో కట్టె తెచ్చుకున్న ప్రతివాడూ ఊరొదిలి పరుగు తీస్తాడట. (అంటే ఊరంతా అన్నమాట.) ఆయన కొత్త తలుపుల కోసం తెచ్చిన చెక్కల మీదే నన్ను కూర్చోబెట్టింది ఆయన కూతురు. ఆమె నన్నొకసారి, ఖాళీ పళ్లేన్ని ఒకసారి చూసి లోపలికి పోయింది.

చెట్లలో నుంచి ఊరివాళ్లు ఒక్కొక్కరే వచ్చి మా బండి చుట్టూ మూగారు. తిట్లు మొదలయ్యాయి. "గీ బండేసుకొచ్చెటోనికి పిల్లనెట్ల ఇస్తవురా?" అని ఒక ముసలాయన కర్ర నేలకు కొట్టాడు. అమ్మాయి తండ్రి తల గోక్కున్నాడు. నర్సంపేట సంబంధం నా కళ్ల ముందు సన్నాయి మేళంతో ఊరేగింది. ఆయన లోపలికి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. నాకు ఏడుపొచ్చేలా ఉంది, దాచుకోవడానికి టైర్లు చూస్తున్నట్టు వంగి కూర్చున్నాను.

చివరికి ఆయన బయటికి వచ్చాడు. "పిల్లకిష్టమేనంట. గని గా టైర్లు తీసేస్తెనేనంట," అన్నాడు.

మరునాడే తీసేశాను. టైర్ల భాయ్ సగం ధరకే వెనక్కి తీసుకున్నాడు. పోయిన ఆ సగాన్ని మామ చాలాకాలం నాకు గుర్తుచేశాడు. మామూలు టైర్లతో పెళ్లికి వెళ్తే బండి మళ్లీ వాగులో దిగబడింది. ఊరంతా వచ్చి నవ్వుతూ తోశారు.

చాలా ఏళ్ల తర్వాత, పిల్లలు పెద్దవాళ్లయ్యాక, ఆ రోజు లోపల ఏమనుకుని ఒప్పుకున్నావని మా ఆవిణ్ణి అడిగాను. వాగు దాటి వచ్చిన నా ధైర్యం గురించి ఏదైనా చెబుతుందేమోనని కాస్త సర్దుకుని కూర్చున్నాను కూడా.

"ఊరంత నిన్ను జూసి భయపడి ఉరికింది," అంది బియ్యం చెరుగుతూ. "నువ్వేమొ నన్ను జూసి వణికినవు. గిసొంటోనితోని బతుకచ్చు అనుకున్న."

ఆ మట్టిరంగు సఫారీ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వూ, కాస్త జాలీ కలుగుతాయి. నువ్వు చేయించిన మోత చూసి కాదురా, నోట మాట రాక కూర్చున్న ఆ కాసేపు చూసి నిన్ను మెచ్చారు అని వాడికి చెబితే నమ్మేవాడు కాదు. ఇంకా పెద్ద బొడిపెలవి దొరుకుతాయా అని అడిగేవాడు.